ఎంఏహెచ్ ఎక్కువుంటే ట్యాబ్ ఎక్కువసేపు వస్తుందా?

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ, ఇంటి నుంచే కాలేజీకి వెళ్లొస్తుంది. ఎనిమిదో తరగతిలో స్కూల్లో ఇచ్చిన 8.7 అంగుళాల ట్యాబ్‌లోనే ఇన్నాళ్లూ పాఠాలు చూసుకుంది. దాని బ్యాటరీ 5100 ఎంఏహెచ్. ఇప్పుడు ఛార్జింగ్ నిలవట్లేదు, రెండు గంటలకే ఆగిపోతోంది. కొత్తది కొందామని షాపుకెళ్తే నాలుగు చూపించారు. శాంసంగ్ ట్యాబ్ ఎ9 ప్లస్ 7040, రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ 8000, వన్‌ప్లస్ ప్యాడ్ గో కూడా 8000. ఐప్యాడ్ మీద ఆ అంకే లేదు. "అంకె పెద్దదైతే అన్ని గంటలు ఎక్కువ వస్తుందమ్మా" అన్నాడు షాపతను. నిజమేనా? అమ్మాయి రోజూ నాలుగైదు గంటలు రికార్డెడ్ క్లాసులు, పీడీఎఫ్‌లు చూస్తుంది. నెట్ నా ఫోన్ హాట్‌స్పాట్ నుంచే. ఎండాకాలం మాకు కరెంటు కోతలు. పోనీ పాతదానికే బ్యాటరీ మార్పిస్తే సరిపోతుందా?
- ఒక తల్లి, పల్నాడు జిల్లా

సమాధానం: షాపతను చెప్పింది సగమే నిజం, అమ్మా. ఎంఏహెచ్ అన్నది బ్యాటరీ ఎంత ఛార్జ్ నిలవ చేసుకోగలదో చెప్పే అంకె. తెర, చిప్ ఒకటే అయిన రెండు ట్యాబ్‌ల మధ్య పోటీ పెడితే పెద్ద అంకెదే గెలుపు. తెర మారిందంటే ఆ లెక్క పనికిరాదు. మీకు చూపించిన నాలుగింటిలో తెరలు ఒక్కలా లేవు.

ముందు ఐప్యాడ్ సంగతి చూద్దాం. మిగతా మూడింటి లెక్కా అక్కడి నుంచే తేలుతుంది. యాపిల్ వాళ్లు ఎంఏహెచ్ బదులు వాట్ అవర్లలో రాస్తారు. ఎ16 చిప్‌తో వచ్చిన మామూలు ఐప్యాడ్‌కి 28.93 వాట్ అవర్లు. ఇది మీకు కొత్త కొలత కాదు, కరెంటు బిల్లులో ఉండేదే. వెయ్యి వాట్ అవర్లయితే ఒక యూనిట్. అంటే ఇలాంటి బ్యాటరీని ముప్ఫైసార్లకు పైగా నింపితే గానీ ఒక యూనిట్ కాలదు. ఛార్జర్‌లో వేడిగా పోయేదాన్ని కలుపుకున్నా, రోజూ ఫుల్ చేస్తే నెలకు యూనిట్‌న్నర దాటదు. ట్యాబ్ వల్ల బిల్లు పెరుగుతుందన్న బెంగ ఎవరికైనా ఉంటే ఇక్కడితో వదిలేయొచ్చు.

ఎంఏహెచ్‌ని ఇందులోకి మార్చడం తేలిక. ట్యాబ్‌లలో వాడే లిథియం బ్యాటరీ సగటున 3.85 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. అంకెను 3.85తో గుణించి వెయ్యితో భాగించండి. 7040 అంటే 27 వాట్ అవర్లు, 8000 అంటే దాదాపు 31, మీ పాత 5100 అంటే 20కి కాస్త తక్కువ. ఇప్పుడు నాలుగూ ఒకే వరసలోకి వచ్చాయి: 27, 29, 31, 31. షాపులో 7040కీ 8000కీ మధ్య కొండంత తేడా ఉన్నట్టు చెప్పి ఉంటారు. నిజానికి ఉన్నది నాలుగు వాట్ అవర్లు.

ఆ నాలుగు వాట్ అవర్లు మీకు ఎన్ని నిమిషాలు ఇస్తాయన్నది ట్యాబ్ గంటకు ఎంత తింటుందో దాన్నిబట్టి ఉంటుంది. బాక్సుల మీద ఎవరూ రాయని అంకె అదే. అదెంత ముఖ్యమో చూడాలంటే ఐప్యాడ్ చరిత్ర చాలు. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్ బ్యాటరీ 25 వాట్ అవర్లు, కంపెనీ చెప్పింది పది గంటలు. 2012లో వచ్చిన మూడో ఐప్యాడ్‌లో బ్యాటరీని ఒక్కసారిగా 42.5కి పెంచారు. గంటలు మాత్రం మళ్లీ అవే పది. పెరిగిన బ్యాటరీ అంతా ఎక్కడికి పోయింది? తెరలోకి. ఆ ఏడాది తెర మీది చుక్కలు (పిక్సెళ్లు) నాలుగింతలు అయ్యాయి. చుక్కలు చిన్నవై దగ్గర దగ్గరగా చేరేకొద్దీ వాటి సందుల్లోంచి వెనక లైటు బయటికి రావడం కష్టమవుతుంది. అదే వెలుగు కావాలంటే లైటు ఇంకా గట్టిగా వెలగాలి. 2024లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్‌లు కూడా అంతే. 11 అంగుళాల దానికి 28.93, 13 అంగుళాల దానికి 36.59. రెండింటికీ చెప్పిన మాట పది గంటలే. ముందు గంటలు అనుకుని, ఆ తెరకు సరిపడా బ్యాటరీ పెట్టడం వాళ్ల పద్ధతి. కాబట్టి పెద్ద ఐప్యాడ్ కొంటే ఛార్జింగ్ ఎక్కువసేపు వస్తుందనుకోవద్దు.

మీ ట్యాబ్‌లకు ఇదే కొలత పెట్టి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. తెర వైశాల్యాన్ని చదరపు అంగుళాల్లో లెక్కేసి, ఒక్కో చదరపు అంగుళానికి ఎంత బ్యాటరీ వచ్చిందో చూడండి. మీ పాత 8.7 అంగుళాల తెర వైశాల్యం సుమారు 33, బ్యాటరీ 5100, అంటే చదరపు అంగుళానికి 153 ఎంఏహెచ్. ఎ9 ప్లస్ తెర 54 చిల్లర, దానికొచ్చేది 129. ప్యాడ్ ఎస్ఈ తెర కూడా అంతే, దానికి 147. ప్యాడ్ గో తెర 11.35 అంగుళాలు, కాస్త చదరంగా ఉంటుంది కాబట్టి వైశాల్యం 61 దాకా వస్తుంది, 131. అంటే తెరను ఇలా చూసుకుంటే, కొత్త మూడింటి కంటే మీ పాతదానికే, కొత్తగా ఉన్న రోజుల్లో, బ్యాటరీ ఎక్కువ. అంకె 5100 నుంచి 8000కి పెరిగింది కదా అని సగానికి సగం ఎక్కువ గంటలు వస్తాయని ఆశపడితే నిరాశే. పాతది మొదట్లో ఎంతసేపు వచ్చేదో అమ్మాయికి గుర్తుంటే, కొత్తదీ ఇంచుమించు అంతేసేపు వస్తుందనుకోండి. వచ్చే లాభం తెర పెద్దదవడం.

వైశాల్యం ఒక్కటే కాదు, చుక్కలు కూడా లెక్కలోకి వస్తాయని చెప్పాను కదా. ఎ9 ప్లస్, ప్యాడ్ ఎస్ఈ రెండింటిలోనూ 1920 బై 1200, అంటే 23 లక్షల చుక్కలు. ప్యాడ్ గోలో 2408 బై 1720, అంటే 41 లక్షలు. అందుకే, బ్యాటరీ 8000 అని ఒకే అంకె ఉన్నా, ఒకే వెలుగులో ఒకే పాఠం చూస్తే ప్యాడ్ ఎస్ఈ ఎక్కువసేపు రావాలి. రెడ్‌మీ ప్యాడ్ 2 అని 9000 ఎంఏహెచ్‌తో తర్వాత ఒకటి వచ్చింది, మీకు షాపులో అదీ చూపించొచ్చు. దాని తెర కూడా 41 లక్షల చుక్కలదే. పెంచిన వెయ్యిలో చాలా భాగాన్ని ఆ తెరే తినేస్తుంది.

చిప్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఐప్యాడ్ కాక మిగతా మూడు ఆండ్రాయిడ్‌లలోనూ ఉన్నవి ఇంచుమించు ఒకే తరం చిప్‌లే. పాఠాలు చూడటానికి, పీడీఎఫ్ తిప్పడానికి వాటి మధ్య తేడా మీకు తెలియదు. మూడింటి తెరా సెకనుకు 90 సార్లు మారగలదు. సెట్టింగ్స్‌లో 60కి తగ్గిస్తే కొంచెం కలిసొస్తుంది, చదువుకి 60 చాలు.

అసలు తిండిపోతు బ్రైట్‌నెస్. కంపెనీలు గంటలు కొలిచేటప్పుడు బ్రైట్‌నెస్ సగంలోనో ఇంకా తక్కువలోనో పెడతాయి, వైఫై బాగుంటుంది, గదిలో ఎండ ఉండదు. మీ అమ్మాయి మధ్యాహ్నం కరెంటు పోయి గదిలో ఉక్కపోస్తే ట్యాబ్ పట్టుకుని వసారాలోకి వస్తుంది కదా? ఆ వెలుతురులో తెర కనపడాలని బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచుతుంది. అప్పుడు తెర తినేది రెండింతలకు పైగా కావచ్చు. పది గంటలని చెప్పిన ట్యాబ్ ఐదారు గంటలకు దిగేది ఇలాగే, బ్యాటరీ పాడై కాదు. వసారాలో అయినా వెలుతురుకు ఎదురుగా కాకుండా గోడ నీడలోకి తిరిగి కూర్చుంటే ఒక గంటైనా మిగులుతుంది. చాలామంది డార్క్ మోడ్ పెట్టుకుంటే ఛార్జింగ్ మిగులుతుందంటారు. అది ఓలెడ్ తెరలకు నిజం. శాంసంగ్ ట్యాబ్ ఎస్9 లాంటి ఖరీదైన వాటిలో ఉండే తెర అది, అందులో నల్లగా ఉన్నచోట లైటే వెలగదు. మీకు చూపించిన నాలుగూ ఎల్‌సీడీలు. తెర మీద నలుపు ఉన్నా వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. కళ్లకు హాయిగా ఉంటే పెట్టుకోనివ్వండి, ఛార్జింగ్ కోసమైతే దండగ.

హాట్‌స్పాట్ వల్ల ట్యాబ్‌కు పెద్దగా నష్టం లేదు, దానికది మామూలు వైఫైయే. నష్టమంతా మీ ఫోన్‌కే. క్లాసుల యాప్‌లో డౌన్‌లోడ్ సదుపాయం ఉంటే, సిగ్నల్ బాగున్న వేళ ఆ రోజు పాఠాలన్నీ దించేసుకుని హాట్‌స్పాట్ ఆపేయండి. ట్యాబ్‌కీ ఫోన్‌కీ రెండింటికీ మేలు. సిమ్ వేసుకునే మోడల్ తీసుకోమని షాపులో ఒత్తిడి చేస్తే వద్దనండి. ఐప్యాడ్‌కి వైఫై మీద పది గంటలు, సిమ్ నెట్ మీద తొమ్మిది అని యాపిలే చెబుతుంది. సిగ్నల్ సరిగా అందని ఊళ్లో ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. ఐప్యాడ్ 28.93ని పది గంటలతో భాగిస్తే గంటకు మూడు వాట్ అవర్లకు కాస్త తక్కువ. అది కంపెనీ పరీక్షలో. మన వాడకంలో నాలుగు వేసుకుందాం. ఐదు గంటలకు 20 వాట్ అవర్లు కావాలి. ఎ9 ప్లస్‌లో 27 ఉన్నాయి, ఇంకా 7 మిగులుతాయి. మిగతావాటిలో 9 నుంచి 11 మిగులుతాయి. అంటే కొత్తగా ఉన్నప్పుడు నాలుగింటిలో ఏది కొన్నా మీ అమ్మాయి సాయంత్రం గడిచిపోతుంది. తేడా తెలిసేది మూడో ఏట. అప్పటికి బ్యాటరీలో ఎనభై శాతం మిగిలిందనుకుంటే, ఎ9 ప్లస్‌లో ఉండేది 22 లోపు. ఐదు గంటలు గడుస్తాయి గానీ చివర్లో టెన్షన్. 8000 వాటిలో 25 దాకా ఉంటాయి. పెద్ద అంకె వల్ల మీకొచ్చే అసలు లాభం ఇది. ఇవాళ పెద్దగా తెలియదు, అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరాక తెలుస్తుంది.

కోతలుండే ఊళ్లో దీనికంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. కరెంటు ఉన్న కాసేపట్లో ట్యాబ్ ఎంత నింపుకోగలదు? ప్యాడ్ ఎస్ఈ పది వాట్లకు మించి తీసుకోదు. 31 వాట్ అవర్లు నింపడానికి లెక్క ప్రకారమే మూడు గంటలు దాటుతుంది, చివరి ఇరవై శాతం నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి నాలుగు గంటలనుకోండి. ఎ9 ప్లస్ 15 వాట్లు, రెండున్నర గంటల పైమాటే. ప్యాడ్ గో 33 వాట్లు తీసుకుంటుంది, ఇంచుమించు గంటన్నర, మహా అయితే రెండు గంటలు. మధ్యాహ్నం కరెంటు అరగంట వచ్చి పోయిందనుకోండి, ప్యాడ్ ఎస్ఈలో పదిహేను శాతం కూడా ఎక్కదు. ప్యాడ్ గోలో అంతకు రెండింతలకు పైగా ఎక్కుతుంది. అయితే ఆ వేగం దానితో వచ్చిన ఛార్జర్, దానితో వచ్చిన కేబుల్ వాడితేనే. ఇంట్లో ఉన్న ఏదో ఫోన్ ఛార్జర్ పెడితే అదీ మామూలు వేగానికే పడిపోతుంది. ఏది కొన్నా బాక్సులో ఛార్జర్ ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి.

కాబట్టి నా ఓటు ప్యాడ్ గోకి. చుక్కలెక్కువై కాస్త ఎక్కువ తింటుంది, అయినా మీ ఊరి కరెంటుకి వేగంగా నిండేదే అక్కరకొస్తుంది. దాని తెర ఆకారం కూడా ఒక కారణం. నిలువుకీ అడ్డానికీ ఉన్న నిష్పత్తి 7:5, అంటే ఇంచుమించు ఎ4 కాగితమే. నిలువుగా పట్టుకుంటే పీడీఎఫ్ పేజీ తెరంతా నిండుతుంది, పొడుగు తెరల్లోలాగా పైనా కిందా ఖాళీ పోదు. ధరలో తేడా బరువనిపిస్తే, కోతలు పగటిపూటే ఉండి రాత్రంతా కరెంటు ఉంటుందంటే, ప్యాడ్ ఎస్ఈ తీసుకుని రాత్రుళ్లు ఛార్జింగ్ పెట్టుకోండి, నష్టమేమీ లేదు. ఎ9 ప్లస్‌కి ఓటు వేయాల్సిన పరిస్థితి ఒకటే, మీకు దగ్గర్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ మాత్రమే ఉండి మిగతావాటికి గుంటూరో విజయవాడో పరిగెత్తాల్సి వస్తే. ఛార్జింగ్ ఒక్కదాని కోసం ఐప్యాడ్‌కి అంత డబ్బు పెట్టక్కర్లేదు.

పవర్ బ్యాంక్ కొని సరిపెట్టుకుందామన్న ఆలోచన వస్తే, పదివేల ఎంఏహెచ్ అన్నది లోపలి 3.7 వోల్టుల లెక్క, 37 వాట్ అవర్లు. ట్యాబ్‌లోకి చేరేసరికి అందులో మూడో వంతు వేడిగానో ఇంకోలాగానో పోతుంది. 8000 ట్యాబ్‌ని ఒక్కసారి పూర్తిగా నింపడానికి కూడా చాలదు. వెనకవైపు చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని వేరే అంకె ఉంటుంది, దాన్ని నమ్మండి.

కొన్నాక ఇంట్లో ఒక పరీక్ష చేయండి. మొదటి రెండు మూడు రోజులు వద్దు. అప్పుడు అప్‌డేట్లు, యాప్‌లు, ఫోటోలు సర్దుకోవడం జరుగుతుంటాయి, ఛార్జింగ్ మామూలు కంటే వేగంగా దిగుతుంది. ఆ తర్వాత బ్రైట్‌నెస్ సగంలో పెట్టి, ఆటో బ్రైట్‌నెస్ తీసేసి, డౌన్‌లోడ్ చేసిన క్లాసు ఒకటి ఫ్లైట్ మోడ్‌లో ఆడించండి. వంద నుంచి తొంభైకి దిగడం లెక్కలోకి తీసుకోవద్దు, పైన ఉన్న శాతాలు అంత నమ్మకంగా ఉండవు. 80 నుంచి మొదలుపెట్టి రెండు గంటల తర్వాత ఎంతుందో చూడండి. గంటకు పది శాతం లోపు దిగితే ట్యాబ్ బాగున్నట్టే. పదిహేను దాటితే రిటర్న్ గడువు పోకముందే షాపుకు తీసుకెళ్లండి. షాపులో నిలబడి పది నిమిషాలు చూస్తే మాత్రం ఏమీ తేలదు.

ట్యాబ్ ఎంతసేపు వస్తుందో కొనకముందే తెలుసుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి వచ్చే ఫోన్లకు, ట్యాబ్‌లకు ఒక లేబుల్ తప్పనిసరి చేశారు, మన ఫ్రిజ్‌ల మీది స్టార్ లేబుల్ లాంటిది. ఒక్క ఛార్జ్‌కి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలు వస్తుంది, బ్యాటరీ ఎన్నిసార్లు నింపేదాకా ఎనభై శాతం శక్తి నిలుపుకుంటుంది, ఈ రెండూ అందులో ఉంటాయి. అన్ని కంపెనీలకీ ఒకటే పరీక్ష కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది. కనీసం 800 సార్లు తట్టుకోవాలని అక్కడి నిబంధన. మీకు చూపించిన ఆండ్రాయిడ్‌లు అంతకుముందువి, వాటికి ఈ లేబుల్ దొరక్కపోవచ్చు. కొత్త మోడల్ ఏదైనా చూపిస్తే మాత్రం, అదే పేరుతో అది యూరప్‌లోనూ అమ్ముతుంటే నెట్‌లో దాని లేబుల్ వెతకమని అమ్మాయికి చెప్పండి. ఒకసారి నింపడమంటే వంద శాతం వాడి వంద నింపడం. ఇవాళ అరవై, రేపు నలభై అయితే రెండూ కలిపి ఒకటే. మీ అమ్మాయి రోజూ 60, 65 శాతం వాడితే 800 సార్లకు మూడేళ్లు దాటుతుంది.

ఆ మూడేళ్లూ నిలవాలంటే ఎండ నుంచి కాపాడాలి. పల్నాడు ఎండల్లో రేకుల కింద గదిలో, మంచం మీద పరుపులో కూరుకుపోయేలా పెట్టి ఛార్జింగ్ చేస్తే లోపలి వేడి విపరీతంగా పెరుగుతుంది. లిథియం బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేసేది వేడే, అందులోనూ నిండుగా ఉన్నప్పుడు తగిలే వేడి. ఛార్జింగ్ పెట్టినప్పుడు కవరు తీసి, గచ్చు మీదో బల్ల మీదో పెట్టమనండి. కొన్నిటిలో 80 శాతం దగ్గరో 85 దగ్గరో ఆగిపోయే సెట్టింగ్ ఉంటుంది. కోతలు లేని నెలల్లో అది ఆన్ చేసుకోండి. ఎండాకాలం కోతలప్పుడు తీసేయండి, అప్పుడు మీకు ప్రతి శాతమూ కావాలి.

ఇక పాత ట్యాబ్. రెండు గంటలకు ఆగిపోతోందంటే బ్యాటరీ అరిగింది, అది వయసు వల్ల వచ్చేదే. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అసలు బ్యాటరీ దొరుకుతుందేమో, ఎంతవుతుందో ఫోన్ చేసి కనుక్కోండి. కొత్త ట్యాబ్ ధరలో ఐదో వంతు లోపు అయితే మార్పించి ఇంట్లో చిన్నవాళ్లకు ఇవ్వొచ్చు. ఇంటర్ లెక్కల పీడీఎఫ్‌లకి మాత్రం 8.7 అంగుళాల తెర మీద కళ్లు లాగుతాయి, అమ్మాయికి దాంతో సరిపెట్టకండి. బయట రిపేరు షాపులో "అదే సైజు, ఏడు వేల ఎంఏహెచ్ వేస్తా" అంటే ఒప్పుకోవద్దు. 5100 పట్టే జాగాలో ఏడు వేలు పట్టదు, స్టిక్కర్ మీద మాత్రమే పడుతుంది. మీ పాత ట్యాబ్‌ని ఓసారి బల్ల మీద వెల్లకిలా పెట్టి చూడండి. వీపు ఉబ్బినా, అంచుల్లో తెర పైకి లేచినా ఇక ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కి సరిచేయొద్దు. స్విచాఫ్ చేసి, పిల్లలకు అందకుండా ఉంచి, సర్వీస్ సెంటర్‌కి అప్పగించేయండి.